పెన్షన్ లెక్కకు ముందు

శ్రీకాకుళం జిల్లాలో హైస్కూలు లెక్కల మాస్టారుగా పనిచేస్తున్నందువల్ల, సర్వీసు చివరికి వచ్చిన సహోద్యోగులు నన్ను తరచు ఒక సాయం అడుగుతూ ఉంటారు. బేసిక్ ఇంత ఉంది, సర్వీసు ఇన్నేళ్ళయింది, కమ్యుటేషన్ (పెన్షన్‌లో ముందే మొత్తంగా తీసుకునే భాగం) పోగా నెలకు చేతికి ఎంత వస్తుంది, గ్రాట్యుటీ, సరెండరు లీవు (వాడని సెలవులకు వచ్చే సొమ్ము), జీపీఎఫ్ (భవిష్య నిధి), ఏపీజీఎల్‌ఐ (ప్రభుత్వ జీవిత బీమా) అన్నీ కలిపితే ఎంత అవుతుంది అని అడుగుతారు. ఆ లెక్కకు అరగంట చాలు. లెక్క అయ్యాక నేను వారిని ఒక మాట అడుగుతాను: ఈ డబ్బుతో మీరు ఎక్కడ, ఎవరి మధ్య, ఏ పని చేసుకుంటూ ఉండాలనుకుంటున్నారు? దీనికి జవాబు చాలామంది దగ్గర ఉండదు. "పిల్లల దగ్గరికి వెళ్ళిపోతాం" అనో, "కాశీ, రామేశ్వరం చూసి వస్తాం" అనో, "ఇంకేముంది మాస్టారూ, విశ్రాంతే కదా" అనో చెప్పి, మళ్ళీ కాగితం మీది అంకెల వైపు చూస్తారు. పాఠ్యపథకం రాసుకోకుండా ఏనాడూ తరగతిలోకి అడుగు పెట్టనివారు, ఉద్యోగం తరువాతి ఇరవై ఏళ్ళ గురించి ఒక్క పేజీ కూడా రాసుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

డబ్బు లెక్క అనవసరమని నేను అనడం లేదు. ఆ లెక్కలు వేసి పెట్టేవాణ్ణి నేనే. నేను చెప్పేదల్లా, ఏ బతుకు కోసం ఆ డబ్బు అన్నది తేలకుండా వేసిన లెక్కకు అర్థం ఉండదని మాత్రమే. "ఎంత ఉంటే చాలు?" అన్న ప్రశ్నకు బ్యాంకు మేనేజరు గాని, ఎల్ఐసీ ఏజెంటు గాని, నేను గాని జవాబు చెప్పలేము. నరసన్నపేట దగ్గర పల్లెలో సొంత ఇంట్లో, నూతి నీళ్ళతో, పెరట్లో కూరగాయలు పండించుకుంటూ ఉండాలనుకునేవారికి చాలిన పెన్షన్, విశాఖలో కొడుకు ఇంటికి దగ్గరగా ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుని ఉండాలనుకునేవారికి సగం నెలకే అయిపోతుంది. ఇద్దరి పెన్షన్ ఒకటే కావచ్చు. ఒకరికి అది మిగులు, మరొకరికి అది కొరత. ఆ తేడా తెచ్చింది వారు కోరుకున్న బతుకే.

మన రాష్ట్రంలో ఉద్యోగ విరమణ వయసు ఎన్నిసార్లు మారిందో చూడండి. 1983లో 55కు తగ్గింది, తరువాత మళ్ళీ 58కి చేరింది, 2014లో 60 అయింది, 2022లో 62 అయింది. ఎప్పుడు ఆగాలన్నది జీవోలు చెబుతాయి. ఆగిన మర్నాడు పొద్దున లేచి ఏం చేయాలన్నది ఏ జీవోలోనూ ఉండదు. అది మనమే రాసుకోవాలి, అదీ చేతిలో ఇంకా కొంత సర్వీసు ఉండగానే రాసుకోవాలి, ఎందుకంటే ఆ తరువాత మార్చుకోలేని నిర్ణయాలన్నీ చివరి ఏడాదిలోనే, హడావుడిగా, సంతకాల రూపంలో వచ్చి పడతాయి.

ఈ మాట అనగానే నాకు మా ఊళ్ళోని కథానిలయం గుర్తుకు వస్తుంది. దాన్ని నెలకొల్పిన కథకుడు కాళీపట్నం రామారావుగారు విశాఖలో బడిపంతులుగా పనిచేసి విరమించినవారు. 1995 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చాక, ఆయన ఆ సొమ్మును తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చే పనికి పెట్టారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం ప్రారంభమయ్యేనాటికి ఆయనకు 72 ఏళ్ళు. 2021లో 96 ఏళ్ళ వయసులో కన్నుమూసేదాకా ఆయన పేరు చెబితే ఆ కథల ఇల్లే అందరికీ గుర్తుకు వచ్చేది. బడిపంతులు చేతికి ఒక పురస్కారం డబ్బు వస్తే దానితో చేయదగినవి ఎన్నో ఉంటాయి. ఇంటిపై అంతస్తు వేయవచ్చు, స్థలం కొనవచ్చు, బ్యాంకులో వేసి వడ్డీ తినవచ్చు. ఏం కావాలో ఆయనకు స్పష్టంగా తెలుసు కనుక ఆ డబ్బు ఎటు వెళ్ళాలన్న సందేహం రాలేదని నా నమ్మకం. శ్రీముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తిగారు కూడా 1911లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయ ఉద్యోగం విడిచాకే వ్యావహారిక భాష కోసం తన ప్రధానమైన పోరాటం చేశారు. సవర భాషకు ఆయన కూర్చిన నిఘంటువు 1938లో, ఆయన 75వ ఏట వెలువడింది.

ఇలాంటి పేర్లు చెబితే వినేవారు కొంత జంకుతారని నాకు తెలుసు. మనమందరం గ్రంథాలయాలు కట్టనక్కరలేదు, నిఘంటువులు రాయనక్కరలేదు. పొద్దున్నే నాగావళి ఒడ్డున నడిచి వచ్చి, పేపరు చదివి, మధ్యాహ్నం కాసేపు నిద్రపోయి, సాయంత్రం వీధిలో నలుగురు పిల్లలకు ఎక్కాలు చెప్పాలనుకోవడం కూడా పూర్తి జీవితమే. అయితే అది మనం కోరి ఎంచుకున్నది కావాలి.

కోరి ఎంచుకోనప్పుడు ఎలా ఉంటుందో నేను దగ్గర నుంచి చూశాను. నాకు పైఅధికారిగా పనిచేసిన ఒక పెద్దమనిషికి విరమణ సమయంలో వచ్చిన మొత్తం, నేను లెక్క వేసిన వారందరిలోకి ఎక్కువ. ఆయన దాన్ని చాలా జాగ్రత్తగా సర్దుకున్నారు. ఒక భాగం సీనియర్ సిటిజన్ సేవింగ్స్ పథకంలో వేశారు, మిగిలినదానిలో ఎక్కువ భాగంతో భోగాపురం వైపు లేఅవుట్లలో ప్లాట్లు కొన్నారు. ఆరు నెలల తరువాత బజారులో కనిపించి, చెయ్యి పట్టుకుని, "ఏటి చేస్తాం మాస్టారూ, పొద్దు గడవటం లేదు" అన్నారు. ఉద్యోగంలో ఉండగా ఆయన ఫోను ఆగకుండా మోగేది. ఇప్పుడు మోగడం లేదని ఆయన అనలేదు గాని, మాట్లాడుతున్నంతసేపూ ఆ ఫోను చేతిలో తిప్పుతూనే ఉన్నారు. ఆయనకు ఊరంతా తెలుసు, ఆరోగ్యం బాగుంది, డబ్బుకు కొదవ లేదు. లేనిదల్లా, రేపు పొద్దున తన కోసం ఎదురుచూసే ఒక పని.

ప్లాట్ల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. భోగాపురం విమానాశ్రయం మాట మొదలైనప్పటి నుంచి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో రిటైరైన వారి డబ్బు భూమి వైపు పరుగు తీస్తోంది. భూమి మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను పోను. కాని ప్లాటు నెలనెలా ఏమీ ఇవ్వదు, అవసరమైన వారంలో అమ్ముడుపోదు, కంచె వేయాలి, ఆక్రమణ జరగకుండా అప్పుడప్పుడు వెళ్ళి చూసుకోవాలి. డెబ్బై అయిదో ఏట మోకాళ్ళ నొప్పులతో రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కడం మీరు కోరుకున్న జీవితంలో ఉందా? ఉంటే కొనండి. అదే 30 లక్షలు సీనియర్ సిటిజన్ పథకంలో ఉంటే, ఇప్పటి 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకొకసారి 61,500 రూపాయలు ఖాతాలో పడతాయి. దానిమీద పన్ను ఉండవచ్చు, అయిదేళ్ళ తరువాత రేటు మారవచ్చు. అయినా ఏ నెల ఏం చేయాలో తెలిసినవారికి అది ఉపయోగపడే డబ్బు. తెలియనివారికి రెండూ ఒకటే.

నా భార్య, నేను కలిసి చేసిన ఒక ప్రయత్నం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నా అభిప్రాయం గట్టిపడింది అక్కడే. ఒక ఆదివారం మేమిద్దరం చెరొక నోటుపుస్తకం తీసుకుని, ఒకరు రాసింది ఒకరు చూడకుండా, నా ఉద్యోగం ముగిసిన తరువాతి ఒక మామూలు వారం ఎలా ఉండాలో రాశాం. పండగలు వద్దు, యాత్రలు వద్దు, ఏ విశేషమూ లేని వారం. నిద్ర లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా.

నేను రాసినదంతా కళింగపట్నం చుట్టూ తిరిగింది. వంశధార సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా ఒక చిన్న ఇల్లు, పొద్దున ఒడ్డున నడక, పడవలు వచ్చేవేళకు వెళ్ళి చేపలు తెచ్చుకోవడం, మధ్యాహ్నం లెక్కల పుస్తకం ఒకటి తెలుగులో రాసుకోవడం. చాలా అందంగా రాశాననిపించింది. తరువాత ఆమె నోటుపుస్తకం చూశాను. మొదటి వాక్యం: "పొద్దున టిఫిను నేను చెయ్యను." దాని కింద, అక్క ఇంటికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఉండాలని ఉంది. ఆమెది విజయనగరం, అక్కగారు అయ్యకోనేరు వైపు ఉంటారు. ఆ కింద, సాయంత్రం గంటసేపు వీణ.

ఆ వీణ మా ఇంట్లో అటక మీద దుప్పటి చుట్టి ఉంది. దించి చూస్తే మెట్లు నిలిపే మైనం ఎండి పగుళ్ళు తీసింది, రెండు తంత్రులు తెగిపోయి ఉన్నాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ నుంచి చెక్కిన వీణ అది, ఆమె తండ్రి కొనిచ్చినది. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పిన ఊరు విజయనగరం. అక్కడ పెరిగిన ఆడపిల్లకు వీణ రావడంలో వింత లేదు. పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక, నా బదిలీలతో ఊళ్ళు మారాక అది అటకెక్కింది. ఆమె ఆ వాక్యం రాసేదాకా మా భవిష్యత్తు లెక్కల్లో వీణ అన్న పద్దు లేదు, వంటమనిషి అన్న పద్దూ లేదు.

నేను ప్రధానంగా చెప్పాలనుకున్నది ఈ విషయమే. రిటైర్మెంటు అనగానే మనం ఉద్యోగం చేసిన మనిషి గురించే ఆలోచిస్తాం. ఇంట్లో ఉన్న ఆమెకు విరమణ ఏ తేదీన? భర్త విరమించిన రోజు నుంచి ఆమెకు పని పెరుగుతుంది. మధ్యాహ్నం భోజనం వేడిగా ఇంట్లోనే, పదకొండింటికి ఒక టీ, నాలుగింటికి ఒక టీ, పలకరించడానికి వచ్చేవారికి మరికొన్ని. ముప్పై ఏళ్ళుగా పగటిపూట ఆమె సొంతంగా నడుపుకున్న ఇంట్లోకి ఒక మనిషి వచ్చి కూర్చుంటాడు. పెన్షన్ కాగితాల మీద ఇద్దరూ కలిసి దిగిన ఫొటో అంటిస్తాం గాని, ఆమెకు ఏం కావాలన్న గడి ఏ ఫారంలోనూ లేదు. మా వీధిలో విచారిస్తే, పొద్దునపూట వంటకు వచ్చే మనిషికి నెలకు అయిదు వేలు అన్నారు. ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్ళలో అది పదివేలు అవుతుంది. ఆ అంకెను ఇప్పుడే రాసుకున్నాం, అన్నిటికంటే పైన.

మా రెండు నోటుపుస్తకాలు కలవలేదు. కళింగపట్నానికీ విజయనగరానికీ మధ్య దూరం ఒక పూట ప్రయాణం. ఎవరి మాట నెగ్గాలి అని కాక, ఏ బతుకు ఎన్నాళ్ళు నడుస్తుందని ఆలోచించడం మొదలుపెట్టాక చర్చ మరో వైపు తిరిగింది. ఇద్దరం ఆరోగ్యంగా ఉన్న ఏళ్ళు వేరు, ఒకరికి తోడు అవసరమైన ఏళ్ళు వేరు, ఒకరే మిగిలిన ఏళ్ళు వేరు. ఈ మూడో భాగం గురించి మాట్లాడడం అశుభమని మనవాళ్ళు ఆ మాట ఎత్తనివ్వరు. కాని మా ఇద్దరి వయసుల తేడా చూసుకుంటే, చివర ఒంటరిగా ఉండేది ఆమె కావడానికే అవకాశం ఎక్కువ. పూర్తి సర్వీసు ఉంటే నా పెన్షన్ చివరి జీతంలో సగం; నా తరువాత ఆమెకు వచ్చే కుటుంబ పెన్షన్ మామూలు రేటు ఆ జీతంలో 30 శాతం. ఆ 30 శాతంతో, 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను తీరం దాటిన ప్రాంతంలో, అక్కకూ ఆసుపత్రికీ దూరంగా ఆమె ఒక్కతే ఉండడం నేను ఊహించుకోగలనా? లేను. అలా ఊహించుకోలేని చోట ఇల్లు కొనడం ఆమెకు అన్యాయం చేయడమే అవుతుంది. సొంత ఇల్లు ఆమె ఉండగలిగే చోటే ఉండాలని ఇద్దరం ఒప్పుకున్నాం. అదీ కింది అంతస్తులో, మెట్లు లేకుండా, స్నానాలగదిలో జారని బండలతో, గోడకు పట్టుకునే కడ్డీతో. మా బంధువుల్లో చాలామంది పైన తాము ఉండి కింది భాగం అద్దెకిస్తారు. అరవై దాటాక దాన్ని తిరగవేయడం మేలని నా అభిప్రాయం.

ఇలా జీవితాన్ని ముందు చూసుకున్నాక, ఇన్నాళ్ళూ చిక్కుగా కనిపించిన డబ్బు నిర్ణయాలు కొన్ని వాటంతట అవే విడిపోయాయి. కమ్యుటేషన్ సంగతే తీసుకుంటే, పెన్షన్‌లో 40 శాతం దాకా ముందే మొత్తంగా తీసుకోవచ్చు. తగ్గిన భాగం మళ్ళీ కలిసేది పదిహేనేళ్ళకు. అంటే 62వ ఏట విరమించినవారికి 77వ ఏట. ఊళ్ళో అందరూ తీసుకుంటున్నారు కనుక మనమూ తీసుకుందామనుకుంటే అది నిర్ణయం కాదు. ఇల్లు మార్చుకోవడానికి ఒకేసారి డబ్బు కావాలా, లేక నెలనెలా వంటమనిషికీ, మందులకూ, ప్రయాణాలకూ కావాలా? మా వారం మాకు తెలుసు కనుక, ఎంత శాతం కమ్యూట్ చేయాలో ఇప్పుడు ఇంచుమించు తెలుస్తోంది.

2004 సెప్టెంబరు 1న, ఆ తరువాత ఉద్యోగంలో చేరిన సీపీఎస్ (జీతంలోంచి నెలనెలా వాటా కట్టే పెన్షన్ పథకం) మిత్రులకు ఈ ఊహ మరింత అవసరం. వారి చేతికి నిధిలో 60 శాతం దాకా ఒకేసారి వస్తుంది. కనీసం 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పథకం, కొనాలి. తమ తరువాత జీవిత భాగస్వామికి కొనసాగాలా, మూలధనం వారసులకు తిరిగి రావాలా అన్నదాన్నిబట్టి నెలకు వచ్చే మొత్తం మారుతుంది. మూలధనం తిరిగి రావాలంటే నెలవారీ తగ్గుతుంది. కరువు భత్యం ధరలతోపాటు పెరుగుతుంది గాని ఇది పెరగదు. ఆ ఎంపికను ఒకసారి సంతకం చేశాక వెనక్కి తీసుకోవడం కష్టం. పిల్లలకు ఏం మిగల్చాలి, మనం ఎలా ఉండాలి అన్నది ముందే ఇంట్లో తేలకపోతే, కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి ఏ గడిలో టిక్కు పెడితే అదే మన వృద్ధాప్యం అవుతుంది.

ఇదంతా పెన్షన్ ఉన్నవారి ముచ్చట అని ఎవరైనా అంటే నేను కాదనను. ఎండలో నాట్లు వేసి వేసి నడుం వంగిన మనిషికి నెలకు 4,000 రూపాయల సామాజిక పెన్షనే ఆధారం. అక్కడ మంచి రోజు ఎలా ఉండాలో ఊహించుకోమని చెప్పే హక్కు నాకు లేదు. అక్కడ పెరగవలసింది ఆ మొత్తం, దొరకవలసింది మంచి వైద్యం. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో బాధపడే కుటుంబాలకు, పలాసలో 200 పడకల ఆసుపత్రి రావడానికి ముందు, డయాలసిస్‌కు ఎంత దూరం వెళ్ళాలన్నదే జీవిత ప్రణాళిక. నేను మాట్లాడుతున్నది ఎంచుకోగలిగిన స్థితిలో ఉండి కూడా ఎంచుకోనివారితో.

"రేపేమవుతుందో ఎవరికి తెలుసు, ఇప్పుడే ఊహించుకుని ఏం లాభం?" అన్నది తరచు వినే మరో మాట. రేపు తెలియదు కనుకనే వడ్డీ రేట్లనూ, ధరల పెరుగుదలనూ అంచనా వేస్తున్నాం కదా. పదేళ్ళ తరువాతి ధరను అంచనా వేయగలవారు, పదేళ్ళ తరువాతి తమ ఉదయాన్ని అంచనా వేయలేమనడం నాకు అర్థం కాదు. ఊహ మారుతుంది, మారనివ్వాలి. ఏటా ఒకసారి ఆ నోటుపుస్తకం తీసి కొట్టివేతలు చేసుకోవచ్చు.

పిల్లల విషయం క్లుప్తంగా చెబుతాను. "పిల్లల దగ్గరికి వెళ్ళిపోతాం" అనేవారిలో ఎంతమంది ఆ మాట పిల్లలతో అన్నారో నాకు అనుమానమే. హైదరాబాదులో పన్నెండో అంతస్తు ఫ్లాటులో, పగలంతా తలుపులు వేసుకుని, పలకరించే మనిషి లేక ఉండవలసి వస్తే అది మీకు సరిపడుతుందా అని ఒక నెల ఉండి చూడాలి. ప్రేమ కొద్దీ ఉన్న ఇల్లు ముందే పిల్లల పేర రాసివ్వడం మన జిల్లాల్లో మామూలు. రాస్తే, చూసుకోవాలన్న షరతు దస్తావేజులో స్పష్టంగా ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షను ప్రకారం, ఆ షరతు తప్పితే ఆ బదిలీని రద్దు చేయమని కోరవచ్చు. పిల్లల మీద నమ్మకం లేక చెబుతున్న మాట కాదు ఇది. తాము ఎక్కడ ఉంటారో తేల్చుకోకముందే ఇల్లు చేతులు మార్చవద్దని చెప్పడం మాత్రమే.

కళింగపట్నాన్ని నేను పూర్తిగా వదులుకోలేదు. కొనకుండా, ముందు అద్దెకు ఉండి చూద్దామని మా ఒప్పందం. దానికి వేసవి పనికిరాదు, అప్పుడు ఏ సముద్రపు ఒడ్డైనా బాగానే ఉంటుంది. దసరా సెలవుల్లో, తుఫానులు వచ్చే కాలంలో, కరెంటు పోయే రాత్రులతో సహా ఉండి చూడాలి. నుయ్యి ఉప్పబడిందా, మందుల షాపు ఎంత దూరం, రాత్రి పూట ఆటో దొరుకుతుందా అన్నవి ఆ రోజుల్లోనే తెలుస్తాయి. ఆ ఊళ్ళో ఒక ఇంటివారితో మాట్లాడాను, ఇస్తామన్నారు. ఈలోపు వీణను గొల్లపల్లికి తీసుకువెళ్ళి మైనం మళ్ళీ వేయించి, తంత్రులు మార్పించాలి. ఈ రెండూ అయ్యాక, నేను సముద్రం దగ్గర నెల రోజులు నిజంగా ఉండగలనో లేదో, ఆమె వీణ ముందు రోజూ కూర్చోగలదో లేదో చూసుకుని, గ్రాట్యుటీలో ఎంత దేనికన్నది అప్పుడు రాసుకుంటాం.